బాల్యం – దండనీతి

మాండవ్యుడు మౌనవ్రతంతో తపస్సు చేసుకొంటున్న మహర్షి. కొందరు దొంగలు దోచిన సొమ్మును ఆయన ఆశ్రమంలో దాచి, తామూ అక్కడే దాగారు. వెంబడించి వచ్చిన రాజభటులు ఎంత ప్రశ్నించినా ముని మౌనం వీడలేదు. రాజు ఆయననూ దొంగగా తలచి శూలానికి ఎక్కించాడు. తపోబలంతో ప్రాణం నిలుపుకొన్న మాండవ్యుడు, తాను చేసిన పాపమేమిటని యమధర్మరాజును అడిగాడు. పసితనంలో గడ్డిపరకతో కీటకాలను గుచ్చినందుకు ఫలమిదని యముడు బదులిచ్చాడు. తెలియని వయసులో చేసిన అల్పదోషానికి ఇంతటి దండన విధించిన యముణ్ణి మానవుడుగా పుట్టమని ముని శపించాడు. పద్నాలుగేళ్ళ వరకు చేసిన పనికి పాపం అంటదని మర్యాద ఏర్పరచాడు. ఆ శాపం వల్లనే యముడు విదురుడుగా జన్మించాడని వ్యాసభారతం ఆదిపర్వం చెబుతున్నది.

చేసిన పని ఒక్కటే నేరం కాదు. దాని మంచిచెడులు తెలిసి చేయడమే నేరం. ఆధునిక న్యాయశాస్త్రానికి కూడా ఇదే పునాది. 1860లో రూపొందిన భారత శిక్షాస్మృతి, ఏడేళ్ళలోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదన్నది. ఏడు నుండి పన్నెండేళ్ళలోపు పిల్లల విషయంలో, తమ చర్య స్వభావాన్ని, ఫలితాన్ని గ్రహించే పరిణతి వారికి ఉన్నదా లేదా అని పరిశీలించమన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలో ఈ హద్దులను మార్పు లేకుండా నిలిపింది.

ఏడేళ్ళు దాటిన పిల్లలందరినీ పెద్దలతో సమానంగా శిక్షిస్తారని దీని అర్థం కాదు. 2000 సంవత్సరపు బాలల న్యాయ చట్టం బాలబాలికలిద్దరికీ పద్దెనిమిదేళ్ళ వయోపరిమితిని నిర్ణయించింది. ఆలోపు వారిని విచారించేది బాలల న్యాయ మండలి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. శిక్షించడం కన్న సంస్కరించడం ఆ మండలి ధ్యేయం.

అయితే బాధితుల వేదన మాటేమిటి? 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణంలో నిందితుడొకడు పద్దెనిమిదేళ్ళు నిండనివాడని తేలినప్పుడు దేశమంతటా ఈ ప్రశ్న వినిపించింది. తత్ఫలితంగా 2015లో కొత్త చట్టం వచ్చింది. పదహారేళ్ళు నిండినవారు ఘోరనేరం చేశారన్న ఆరోపణ ఉంటే, వారి మానసిక స్థితిని మండలి ముందుగా అంచనా వేస్తుంది. ఆపైన పెద్దలవలె విచారించే అవకాశం ఉన్నది. అప్పుడు కూడా మరణశిక్షను గాని, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్షను గాని విధించరాదు.

ప్రపంచం మాత్రం వయసు హద్దును పెంచే దిశగా నడుస్తున్నది. స్కాట్లండు 2019 నాటి చట్టం ద్వారా దానిని ఎనిమిది నుండి పన్నెండేళ్ళకు పెంచింది. పన్నెండు కన్న తక్కువ తగదని 2007లో చెప్పిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ, 2019లో కనీసం పద్నాలుగేళ్ళు ఉండాలని సూచించింది. మాండవ్యుడు గీసిన గీత కూడా అదే కావడం గమనార్హం. మన చట్టంలోని ఏడేళ్ళ హద్దు అందులో సగం మాత్రమే.

బాధితులకు న్యాయం జరగాలి; బాలుడికి దిద్దుకొనే అవకాశమూ మిగలాలి. దండించే అధికారం గలవారు ఈ రెండింటిలో దేనిని మరచినా ధర్మం తప్పినవారే అవుతారు. అటువంటి తప్పుకు యమధర్మరాజే ఫలం అనుభవించక తప్పలేదు.