కోర్సుకూ పరీక్ష పెట్టాలి

ఆన్‌లైన్ కోర్సు అనగానే చివర్లో క్విజ్, సర్టిఫికెట్ గుర్తొస్తాయి. అంటే పరీక్ష ఎప్పుడూ నేర్చుకునేవాళ్లకే. కానీ జనంలోకి వెళ్లకముందు కోర్సుకు కూడా ఒక పరీక్ష ఉండాలి. యాప్‌ని టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేయం కదా! పాఠం దగ్గరికొచ్చేసరికి మాత్రం "సార్ చూశారు, బాగుందన్నారు" అంటే చాలనుకుంటాం. సార్‌కి ఆ సబ్జెక్టు ముందే వచ్చు. రానివాళ్లు ఎక్కడ ఆగిపోతారో ఆయనకి కనిపించదు.

ముందు చూడటం, తర్వాత చూడటం

1967లో మైకేల్ స్క్రివెన్ మూల్యాంకనాన్ని రెండుగా విడదీశాడు. తయారవుతుండగా, సరిదిద్దడం కోసం చేసేది ఫార్మేటివ్. అంతా అయ్యాక, పనికొచ్చిందా లేదా అని తేల్చేది సమ్మేటివ్. టైలర్ బట్టకి కచ్చా కుట్టు వేసి తొడిగి చూస్తే మొదటిది. పెళ్లిలో నలుగురూ చూసి బాగుందనో బాలేదనో అంటే రెండోది. అప్పటికి విప్పి కుట్టే టైమ్ ఉండదు.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలో పిల్లల కోసం తీసిన 'సెసమీ స్ట్రీట్'. ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు పిల్లల ముందు టీవీ పెట్టి, పక్కనే కొన్ని సెకన్లకోసారి బొమ్మ మారే స్లైడ్ ప్రొజెక్టర్ పెట్టాడు. పిల్లల చూపు టీవీ మీద నుంచి ఎప్పుడు పక్కకి పోతోందో రాసుకున్నాడు. 1969 జులైలో ప్రయోగానికి తీసిన ఎపిసోడ్లలో, వీధిలో మనుషులు మాత్రమే ఉన్న సీన్లు రాగానే పిల్లలు చూపు తిప్పేసుకున్నారు. మనుషుల్నీ తోలుబొమ్మల్నీ కలిపి చూపొద్దని నిపుణులు సలహా ఇచ్చినా, ఆ సీన్లలో బొమ్మల్ని కలిపారు. బిగ్ బర్డ్ అలా వచ్చిందే. అదే ఏడాది నవంబర్ 10న షో మొదలైంది.

మన దగ్గర ఇస్రో ఇలాంటి పని చేసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. అదే 'సైట్' ప్రయోగం. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. చూసేవాళ్లెవరు, వాళ్లకేం కావాలి అని ముందే పల్లెలకు వెళ్లి తెలుసుకోవడం కూడా ఆ ప్రయోగంలో భాగమే.

శిరివెళ్లలో ఒక మధ్యాహ్నం

మా సీనియర్లు ఫోన్లో చేసుకునేలా తెలుగులో సీ లాంగ్వేజ్ కోర్సు తయారుచేస్తున్నారు. టెస్టింగ్ పని నేను తీసుకున్నాను. మా శిరివెళ్ల నంద్యాల-ఆళ్లగడ్డ రోడ్డు మీద ఉంది. అక్కడ తెలుగు మీడియంలో పది చదివి, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న ఒక చెల్లెలిని కూర్చోబెట్టాను. "నీకేం పరీక్ష కాదు, పరీక్ష ఈ కోర్సుకి. మనసులో ఏమనిపిస్తే అది బయటికి చెప్తూ చెయ్యి" అన్నాను. దీన్నే థింక్ అలౌడ్ పద్ధతి అంటారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నానంతే.

వేరియబుల్, డేటా టైప్ తనకి బాగానే అర్థమయ్యాయి. ఆగింది వేరే చోట్ల. ఫోన్ కీబోర్డులో మీసం బ్రాకెట్ ఎక్కడుందో దొరకలేదు. అది సింబల్స్ రెండో పేజీలో ఉంటుంది. కోడ్ టైప్ చేశాక 'రన్' బటన్ కీబోర్డు కింద దాక్కుంది. క్విజ్‌లో సరైన జవాబే రాసింది, చివర ఒక స్పేస్ ఎక్కువైందని 'తప్పు' అని వచ్చింది.

అప్పుడు తను అన్న మాట: "నాకిది రాదులే అక్కా."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. తప్పు స్పేస్‌ని పట్టించుకున్న ప్రోగ్రాముది. నింద వేసుకున్నది మాత్రం తను. నేను పక్కన లేకపోతే ఫోన్ పక్కన పడేసేది. మన డాష్‌బోర్డులో అది 'డ్రాపౌట్' అనే ఒక అంకెగా మిగిలేది.

మీరు చేయాలంటే

డిక్, కేరీ అనే విద్యా రూపకర్తలు మూడు మెట్లు చెప్పారు. మొదట ఒక్కొక్కరితో విడివిడిగా. తర్వాత 8 నుంచి 20 మంది చిన్న గుంపుతో. చివరికి అసలు వాడే చోట, అసలు పరిస్థితుల్లో. మొదటి మెట్టుకి పెద్ద గుంపు అక్కర్లేదు. ఒకే రకం యూజర్లయితే 5 మందితోనే ఎక్కువ భాగం లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ లెక్క. కానీ ఆ 5 మంది మన హాస్టల్ రూమ్మేట్లు కాకూడదు, కోర్సు ఎవరికోసమో వాళ్లే కావాలి. వాళ్ల ఫోన్, వాళ్ల డేటా ప్యాక్‌తోనే చేయించాలి.

"బాగుందా?" అని అడగొద్దు. ఇంటికొచ్చిన మనిషితో బాలేదని ఎవరూ అనరు. పని చెప్పి చూడండి: "రెండు అంకెలు కూడే ప్రోగ్రాం రాయి." పాఠానికి ముందు నాలుగు ప్రశ్నలు, తర్వాత అలాంటివే నాలుగు ఇస్తే నేర్చుకున్నదెంతో తెలుస్తుంది. ఆగిన ప్రతి చోటా రెండే గళ్లు: పాఠం అర్థం కాలేదా, స్క్రీన్ అడ్డొచ్చిందా? మొదటిదైతే పాఠం తిరగరాయాలి, రెండోదైతే కోడ్ మార్చాలి. సరిచేశాక కొత్తవాళ్లతో మళ్లీ చూడాలి, పాతవాళ్లకి దారి తెలిసిపోయి ఉంటుంది కాబట్టి.

అన్నిటికంటే కష్టం నోరు మూసుకుని కూర్చోవడం. వాళ్లు తడబడుతుంటే "అక్కడ నొక్కు" అనాలని చెయ్యి లాగేస్తుంది. అనకండి. కోర్సు రిలీజయ్యాక ప్రతి ఇంట్లో పక్కన మనం ఉండం కదా.