పేరు మార్చుకుంటే గది దొరుకుతుందా?

సమస్య: డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నా కాన్వకేషన్‌కి అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లతో వారం రోజులు ఉందామని, ఇళ్లల్లో గదులు అద్దెకిచ్చే ఒక యాప్‌లో అడిగాను. ముగ్గురు ఓనర్లు ఖాళీ లేదన్నారు. మర్నాడు చూస్తే అవే తేదీలు, అవే గదులు ఖాళీగా ఉన్నాయి! ‘వెంకట సుబ్బలక్ష్మి అంటే ఎవరిస్తారే? లూసీ అని పెట్టుకో’ అంటోంది రూమ్మేట్. పెట్టుకోమంటారా?

సలహా: ఈ అమ్మాయిది ఉత్తి అనుమానం కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2015లో డల్లాస్‌తో సహా ఐదు అమెరికా నగరాల్లో, అలాంటి యాప్ అయిన ఎయిర్‌బీఎన్‌బీలోని సుమారు 6,400 ఇళ్ల ఓనర్లను గది కావాలని అడిగి చూశారు. అడిగిన తీరు ఒక్కటే, పేర్లే వేరు. తెల్లవారి పేర్లతో పోలిస్తే నల్లవారి పేర్లకు ‘సరే’ అన్న జవాబు 16 శాతం తక్కువగా వచ్చింది.

ఆ పరిశోధకులు భారతీయుల పేర్లు పరీక్షించలేదు. అయితే 2017లో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌కు మంచులో ప్రయాణిస్తున్న ఒక లా విద్యార్థిని బుకింగ్‌ని, ఆమె దారిలో ఉండగానే ఓనరమ్మ రద్దు చేసింది. కారణం ‘ఏషియన్’ అని మెసేజ్‌లోనే రాసేసింది. చివరికి ఆ ఓనరమ్మ 5,000 డాలర్లు చెల్లించుకుని, ఆసియన్ అమెరికన్ల గురించి కాలేజీ కోర్సు కూడా చదవాల్సి వచ్చింది. అందరూ అంత తెరిచి రాయరుగా, ‘ఖాళీ లేదు’ అంటే పని జరిగిపోతుంది. (టూలెట్ బోర్డు చూసి వెళ్తే ‘మీరేమిట్లు?’ అనే మన హైదరాబాద్ ఓనర్లు నయం, మొహం మీదే అడుగుతారు.)

ఎయిర్‌బీఎన్‌బీ 2018 నుంచి బుకింగ్ ఖాయమయ్యాకే అతిథి ఫొటో చూపిస్తోంది. ఫొటో దాగినా పేరు దాగలేదు. ఆరెగాన్ రాష్ట్రవాసులు గది అడిగితే మాత్రం, బుకింగ్ ఖాయమయ్యేదాకా వాళ్ల పేరులో మొదటి అక్షరమే ఓనర్లకు చూపించడం 2022లో మొదలుపెట్టింది.

లూసీ వేషం మాత్రం వద్దు. గుమ్మంలో దిగేది సుబ్బలక్ష్మి, వాళ్ల అమ్మానాన్నలే కదా! పైగా పాస్‌పోర్టుతో పేరు కలవకపోతే తప్పు ఈమెదే అవుతుంది. అసలు కొత్త ఖాతాను చూసే ఓనర్లు పేరుని బట్టి మనిషిని ఊహించుకుంటారు. మరో ప్రయోగంలో అతిథి ఖాతాకి ఒక్క మంచి రివ్యూ చేరగానే నల్లవారికీ తెల్లవారికీ మధ్య తేడా దాదాపు కనపడకుండా పోయింది. కాబట్టి ఓనర్ అనుమతితో పని లేకుండా వెంటనే ఖాయమయ్యే గదిలో ముందు ఒక రాత్రి ఉండి, రివ్యూ తెచ్చుకోవాలి.

ఆ ముగ్గురి సంగతి వదిలేయకూడదు. వాళ్ల జవాబులూ, మర్నాడు ఖాళీ చూపించిన పేజీలూ స్క్రీన్‌షాట్లు తీసి, జాతి వివక్ష అని స్పష్టంగా రాసి యాప్ కంపెనీకి ఈ వారమే ఫిర్యాదు చేయాలి.