ఐదవ శీలం: ఒట్టు ఒక్కటే చాలదు, వైద్యం కావాలి



పంచశీల చెప్పేటప్పుడు ఐదవ శీలం దగ్గర కొందరి గొంతు తగ్గిపోతుంది. తాగుడు మానలేని మనిషి సిగ్గుపడి వెనక వరుసలో కూర్చుంటాడు. తర్వాత వందనకే రాడు. "శీలం తప్పాడు" అని మనమూ వదిలేస్తాం. ఇది ధమ్మమేనా?

1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు తాగననేది ఒకటి. ప్రాణులందరి మీద కరుణ చూపుతాననేదీ వాటిలోనే ఉంది. ఒకటి పట్టుకుని రెండోది మరిచిపోకూడదు.

నాలుగు ఆర్యసత్యాలను వైద్యుడి పనితో పోలుస్తారు. రోగం ఉంది, కారణం ఉంది, నయమవుతుంది, నయం చేసే మార్గం ఉంది. వ్యసనానికీ ఇదే వరస. ఏళ్ల తరబడి తాగినవాడి మెదడు మత్తు లేకపోతే తట్టుకోలేదు. అది మొండితనం కాదు, జబ్బు.

అందుకే "రేపట్నుంచి మానెయ్" అనడం ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. బాగా అలవాటైనవాడు ఉన్నపళంగా ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టడు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోకండి. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. అక్కడ మందులతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో గట్టెక్కిస్తారు.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద సర్కారు దాడులు పెంచింది. అందులో కలిపే మత్తుమందులు ఒక్కసారిగా ఆగేసరికి నిజామాబాద్ లాంటి జిల్లాల్లో జనం పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వరసకట్టారు. మత్తును ఆపడం మంచిదే. కానీ వైద్యం సిద్ధంగా లేకుండా ఆపితే దుఃఖం పోదు, రూపం మార్చుకుంటుంది.

2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరే. మిగతావాళ్లంతా ఎక్కడున్నారు? మన వాడల్లోనే ఉన్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది. సర్కారు వైద్యం పొందడం మన హక్కు. గొలుసులు వేయడం నేరం. కాబట్టి డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చేముందు అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా? డాక్టర్ వచ్చి చూస్తాడా? ఇంటివాళ్లతో మాట్లాడనిస్తారా? బయటికొచ్చాక ఎవరు చూసుకుంటారు? కొడితే బాగుపడతాడనే చోట మనిషిని వదలొద్దు.

మనం చేయాల్సినవి మూడు. ఒకటి, 14446, 14416 ఉచిత నంబర్లు విహారం గోడ మీద రాయండి. రెండు, మొదటిసారి ఆసుపత్రికి ఒక్కణ్ణే పంపకండి, ఒకరు తోడు వెళ్లండి. మళ్లీ తాగాడా, మళ్లీ తీసుకెళ్లండి. బీపీ పెరిగితే మందు మాన్పిస్తామా? మూడు, జిల్లా ఆసుపత్రిలో ఇందుకు పడకలు, మందులు, కౌన్సిలర్, ఆడవాళ్లకు విడిగా చోటు ఉన్నాయా అని చూడండి. లేకపోతే కలిసికట్టుగా కలెక్టర్‌కు అర్జీ పెట్టండి.

విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందుడితో కలిసి తన చేతులతో కడిగాడు. ఆ భిక్షువును ఎందుకు జబ్బు పడ్డావని నిలదీయలేదు. వెనక వరుసలో కూర్చున్న మనవాణ్ణి ముందుకు పిలవడానికి ఇంతకన్నా పాఠం ఏం కావాలి?

నమో బుద్ధాయ. జై భీమ్.