రిమ్ము మారిస్తే స్టీరింగ్ మారుతుంది: కారు చక్రాల మీద హక్కులు, నిబంధనలు

పెద్దేముల్ నుంచి తాండూరు వైపు వెళ్తే నాపరాయి లారీలు, సిమెంటు లారీలు నలిపేసిన రోడ్లు ఎదురవుతాయి. వికారాబాద్ వైపు వెళ్తే అనంతగిరి మలుపులు వస్తాయి. ఈ రెండు చోట్లా డ్రైవర్ స్టీరింగ్‌నే నమ్ముకోవాలి. అందుకే అల్లాయ్ వీల్స్, పెద్ద టైర్లు వేయించుకునే ముందు, వేయించుకున్నాక మన ప్రాంతంలో కారున్నవాళ్లకు వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: చక్రం మారిస్తే స్టీరింగ్ ఎందుకు మారుతుంది?

ముందు చక్రం పక్కకు తిరగడానికి ఒక ఇరుసు గీత ఉంటుంది. సస్పెన్షన్ పైభాగం నుంచి కింది బాల్ జాయింట్ గుండా ఆ గీతను నేల దాకా పొడిగించండి. అది నేలను తాకే చోటికీ, టైరు నేలను తొక్కే చోటి మధ్యభాగానికీ ఉన్న ఎడాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కారు కంపెనీ ఈ ఎడాన్ని మిల్లీమీటర్లలో లెక్కగట్టి పెడుతుంది. రిమ్ము ఆఫ్‌సెట్ మారితే ఈ ఎడం మారుతుంది. అది మారితే బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడ్డప్పుడు చేతికి వచ్చే గుంజుడు కూడా మారుతుంది.

ప్రశ్న: ఆఫ్‌సెట్ అంటే ఏమిటి? దాన్ని ఎక్కడ చూడాలి?

రిమ్ము వెడల్పులో సరిగ్గా నడిమి గీత నుంచి, హబ్బుకు ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత అది. రిమ్ము లోపలి వైపున గానీ ఆకుల వెనక గానీ ‘ఈటీ45’, ‘ఈటీ38’ అని పోతపోసి ఉంటుంది. ఆ అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. వెడల్పు మార్చకుండా ఈటీ45 తీసి ఈటీ30 వేస్తే ఒక్కో చక్రం 15 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది.

వెడల్పు కూడా పెంచితే రెండూ కలిపి లెక్కేయాలి. 6 అంగుళాల ఈటీ45 రిమ్ము స్థానంలో 7 అంగుళాల ఈటీ35 వేస్తే బయటి అంచు దాదాపు 23 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ఫెండర్‌కు రాసుకునేది ఇలాంటప్పుడే.

ప్రశ్న: ఆఫ్‌సెట్ తగ్గితే చేతికి ఏం తెలుస్తుంది?

మొదట తెలిసేది గుంజుడు. లారీ చక్రాలు చేసిన గాడిలో టైరు పడగానే స్టీరింగ్ తనంతట తాను ఆ దిక్కుకు పోతుంది. ఒక చక్రమే గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా చేతికి వస్తుంది.

బ్రేకు వేసినప్పుడు ప్రమాదం ఇంకా పెద్దది. ఇప్పటి ముందు చక్రాల డ్రైవ్ కార్లలో చాలావాటికి స్క్రబ్ రేడియస్‌ను చాలా చిన్నగా గానీ, రుణాత్మకంగా గానీ పెడతారు. ఒక వైపు తారు, ఇంకో వైపు మట్టి ఉన్నచోట గట్టిగా బ్రేకు వేస్తే పట్టు ఉన్న వైపుకు కారు తిరగాలని చూస్తుంది. రుణాత్మక స్క్రబ్ రేడియస్ ఆ తిరుగుడుకు ఎదురుగా పనిచేసి కారును నిలబెడుతుంది. చక్రాన్ని బయటికి జరిపితే ఆ రక్షణ తగ్గిపోతుంది, లేదా తలకిందులవుతుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు స్టీరింగ్ బరువును దాచిపెట్టగలదు కాబట్టి మామూలు ప్రయాణంలో ఈ తేడా తెలియకపోవచ్చు. అత్యవసరంగా బ్రేకు వేసినప్పుడే బయటపడుతుంది. చక్రం బయటికి వచ్చేకొద్దీ హబ్బు బేరింగు మీద, బాల్ జాయింట్ల మీద భారం కూడా పెరుగుతుంది.

స్పేసర్ వేసినా జరిగేది ఇదే. పైగా బోల్టు మరలు పట్టే లోతు కూడా తగ్గవచ్చు.

ప్రశ్న: సైజు ఎంతవరకు పెంచుకోవచ్చు?

టైరు బయటి వ్యాసం మారకుండా చూసుకోవడం మొదటి సూత్రం. మారుతి స్విఫ్ట్ గత మోడల్‌నే తీసుకోండి. కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్‌కు 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు. మొదటిదాని వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది సుమారు 621. అంటే రిమ్ము అంగుళం పెరిగినా చక్రం ఎత్తు మారలేదు. అదే కారుకు 195/65 ఆర్15 వేస్తే వ్యాసం 634 దాటుతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే కారు దాదాపు 82లో పోతుంటుంది.

రిమ్ము పెరిగేకొద్దీ టైరు పక్కగోడ కురచవుతుంది. 165/80లో అది 132 మిల్లీమీటర్లు, 195/55లో 107. పక్కగోడ కురచైతే స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే స్పందిస్తుంది, మలుపుల్లో బాగుంటుంది. కానీ గుంతల రోడ్డు మీద రిమ్ము వంగడం, టైరు ఉబ్బడం ఎక్కువ. తాండూరు చుట్టుపక్కల రోజూ తిరిగే బండికి ఎత్తైన పక్కగోడే మేలు.

బరువు మోసే సూచికను అసలు టైరుకన్నా తగ్గించకూడదు. 85 అని ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు, 88 అని ఉంటే 560 కిలోలు మోస్తుంది.

ప్రశ్న: అల్లాయ్ అంటే తేలికే కదా? బరువుతో ఇబ్బంది ఏమిటి?

అన్ని అల్లాయ్‌లూ తేలిక కావు. పెద్ద సైజు పోత అల్లాయ్, చిన్న ఉక్కు రిమ్ముకన్నా బరువు ఉండవచ్చు. చక్రం బరువును స్ప్రింగులు మోయవు. బరువు పెరిగితే గతుకుల్లో టైరు నేలను అంటిపెట్టుకుని ఉండలేదు. నేలను వదిలిన ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు. బరువు రిమ్ము అంచుల్లో ఉంటే చక్రాన్ని తిప్పడానికీ, ఆపడానికీ ఎక్కువ శక్తి కావాలి. దిశ మార్చేటప్పుడు మొద్దుబారినట్టు అనిపిస్తుంది. కొనేముందు పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ టైరుతో సహా కాంటా మీద పెట్టమనండి.

ప్రశ్న: చక్రాలు మార్చడంపై చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించినదానికీ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో 182ఎ(4) సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం అనుమతి లేని మార్పులకు, బయటి విడిభాగాలు బిగించడంతో సహా, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ప్రశ్న: నా కారు ఆర్‌సీలో టైరు సైజే లేదు. అయినా వర్తిస్తుందా?

సరుకు రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ వివరాల్లో టైర్ల సంఖ్య, సైజు ఉంటాయి. వాటిలో మార్పు వెంటనే బయటపడుతుంది. సొంత కారు ఆర్‌సీ కార్డు మీద ఆ వివరాలు కనబడకపోయినా 182ఎ(4) విడిభాగాల బిగింపునూ పట్టుకుంటుంది. మీ మోడల్లో ఏదో ఒక వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చిన రిమ్ము, టైరు సైజుల్లోనే ఉండటం అన్నిటికన్నా భద్రమైన దారి. ఆ సైజులు యజమాని పుస్తకంలో, సాధారణంగా డ్రైవర్ తలుపు పక్కనుండే స్టిక్కర్ మీద ఉంటాయి. సందేహం ఉంటే డీలర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి, లేదా జిల్లా రవాణా కార్యాలయంలో అర్జీ ఇచ్చి అడగండి.

ప్రశ్న: తనిఖీలో ఆపి చలానా రాస్తే ఏం చేయాలి?

ఏ సెక్షన్ కింద, ఏ మార్పుకు రాశారో అడిగి తెలుసుకోండి. సైజు కంపెనీ ఇచ్చిందే అయితే యజమాని పుస్తకంలో ఆ పేజీ చూపండి. ఆరోపణ తప్పని మీరు నమ్మితే కోర్టులో తేల్చుకునే హక్కు మీకుంది. అరిగిపోయిన టైర్ల విషయంలో మాత్రం వాదన నిలవదు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ప్రశ్న: ఇన్సూరెన్సు వస్తుందా?

బయట కొన్న అల్లాయ్ వీల్స్ గురించి ఇన్సూరెన్సు కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలిపి పాలసీలో చేర్పించుకోండి. చెప్పకుండా వదిలేస్తే సొంత కారు నష్టం క్లెయిమ్‌లో పేచీ వస్తుంది. మామూలు పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే ఏమీ రాదు. కారు కూడా దెబ్బతింటే టైరు ఖర్చులో సగం దాకా వస్తుంది. క్లెయిమ్ తోసిపుచ్చితే కారణం రాసివ్వమని అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు.

ప్రశ్న: షాపువాళ్లు నాసిరకం రిమ్ములు అంటగడితే?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు తిరిగి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అంతే. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తేలకపోతే మీరు ఉండే ప్రాంతంపై అధికారమున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా అక్కడికి తిరగక్కర్లేదు. వస్తువు ఖరీదు 5 లక్షల దాకా రుసుము లేదు. గడువు రెండేళ్లు.

ప్రశ్న: ఇప్పటికే వేయించేశాను. ఏం చూసుకోవాలి?

స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, కారు నిండా మనుషులను కూర్చోబెట్టి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. వేగం పెరిగాక స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్‌తో పాటు హబ్బు రంధ్రం సరిపోయిందో లేదో చూపించండి. రంధ్రం పెద్దదైతే సెంటరింగ్ రింగు కావాలి. అలైన్‌మెంట్ చేయించి, ఆ కొలతల కాగితం తీసుకోండి. స్టీరింగ్‌లో ఆట పెరిగితే ఆలస్యం చేయకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 98వ నిబంధన ప్రకారం ఆ ఆట 30 డిగ్రీలు దాటకూడదు. బండి ఒక దిక్కుకే గుంజుతూ, అలైన్‌మెంట్‌తో తగ్గకపోతే పాత రిమ్ములు తిరిగి వేయించడమే సరైన పని.

ప్రశ్న: కొనేటప్పుడు బిల్లు మీద ఏమేం రాయించుకోవాలి?

- రిమ్ము వ్యాసం, వెడల్పు, ఆఫ్‌సెట్
- బోల్టుల సంఖ్య, వాటి వలయం కొలత, హబ్బు రంధ్రం కొలత
- రిమ్ము మోయగల బరువు, ఐఎస్ఐ ముద్ర ఉన్నదీ లేనిదీ
- టైరు సైజు, బరువు సూచిక, వేగ సూచిక, తయారైన వారం, సంవత్సరం
- వారంటీ ఎంతకాలం, వేటికి

ఇవి రాసివ్వని షాపులో కొనకండి. రేపు స్టీరింగ్ గుంజినా, క్లెయిమ్ ఆగినా, కమిషన్ ముందు నిలబడాల్సి వచ్చినా మీ వైపు సాక్ష్యం చెప్పేది ఆ బిల్లే.