సరిహద్దు దాటే సొమ్ము: ఉద్యోగార్థికి ఒక పరీక్ష

ఉద్యోగానికి దరఖాస్తు చేసిన పట్టభద్రునికి పూర్వం వ్రాతపరీక్ష, మౌఖిక పరీక్ష మాత్రమే ఉండేవి. నేడు పెక్కు సాంకేతిక సంస్థలు వీటికి తోడు ఒక రూపకల్పన సమస్యను ఇచ్చి, కొద్ది రోజులలో పరిష్కారాన్ని సమర్పించమంటున్నాయి. "మొబైల్ ఫోను ద్వారా ఒక దేశం నుండి మరొక దేశానికి డబ్బు పంపే సౌకర్యాన్ని రూపొందించండి" అన్నది అట్టి సమస్యలలో ఒకటి. దీనిని చిత్రలేఖన పరీక్షగా భావించి, తెరలను రంగులతో అలంకరించి పంపే అభ్యర్థులు కలరు. అంతకు ముందుగా ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

దూరదేశానికి సొమ్ము పంపుట కొత్త సమస్య కాదు. నాణెములను మోసుకొనిపోవుట అపాయకరం కావున, మధ్యయుగపు ముస్లిం వర్తకులు 'సుఫ్తజా' అనే పత్రాన్ని వాడేవారు. ఒక నగరంలో సొమ్ము చెల్లించి, ఆ పత్రం చూపి వేరొక నగరంలో తీసుకొనేవారు. మన వర్తకుల హుండీ కూడా ఇట్టిదే. నాణెములు ఉన్నచోటనే ఉండేవి. లెక్క మాత్రమే ప్రయాణం చేసేది. నేటి మొబైల్ చెల్లింపులోనూ దుబాయిలోని దిర్హములు అక్కడే, ఇక్కడి రూపాయలు ఇక్కడే ఉంటాయి. మారేవి బ్యాంకుల ఖాతాలలోని అంకెలు. కంటికి కనబడని ఈ వ్యవహారమంతా పంపేవాని నమ్మకంపై ఆధారపడి ఉన్నది. అతని మనస్సులో మూడు ప్రశ్నలుంటాయి: ఎంత చేరుతుంది? ఎవరికి చేరుతుంది? చేరినదా, లేదా? అభ్యర్థి రూపకల్పన ఈ మూడింటికి సమాధానం కావలెను.

మొదటిది, ఎంత చేరుతుందన్నది. దుబాయిలో పనిచేసే ఒకరు నిజామాబాదు జిల్లాలోని తల్లికి 1000 దిర్హములు పంపుతున్నారనుకొందాం. లెక్క కొరకు రుసుము 15 దిర్హములనీ, విపణిలో దిర్హము ధర 23 రూపాయలనీ, సంస్థ ఇచ్చే ధర 22 రూపాయల 60 పైసలనీ ఊహిద్దాం. కనబడే రుసుము 345 రూపాయలు. మారకపు ధరలోని వ్యత్యాసం వలన పోయేది 400 రూపాయలు. మొత్తం 745 రూపాయలు, అనగా నూటికి మూడు రూపాయలకు పైగా. ఇట్టి వ్యయాన్ని 2030 నాటికి నూటికి మూడు రూపాయల లోపునకు తగ్గించవలెనని ఐక్యరాజ్య సమితి 2015లో లక్ష్యంగా నిర్ణయించినది. "రుసుము లేదు" అని ప్రకటించి మారకపు ధరలో లాభం తీసుకొనుట సులభం. తల్లి చేతికి అందే రూపాయలను పంపుటకు ముందే తెరపై చూపుట న్యాయం. 2023 ఫిబ్రవరి 21న భారతదేశపు యు.పి.ఐ.ని సింగపూరు వారి పేనౌతో అనుసంధించినప్పుడు, సొమ్మును రెండు ద్రవ్యాలలోనూ చూపే ఏర్పాటు చేశారు. ప్రారంభంలో ఇక్కడి నుండి రోజుకు 60,000 రూపాయల వరకు పంపే పరిమితి విధించారు. ఇట్టి పరిమితి ఉన్నచోట దానిని కూడా ముందే తెలుపవలెను.

రెండవది, ఎవరికి చేరుతుందన్నది. ఫోను నంబరులో ఒక్క అంకె తప్పినా సొమ్ము పరులపాలవుతుంది. కావున పొందేవారి పేరును ముందుగా చూపవలెను. ఇక్కడ మన సమాజానికి బాగా తెలిసిన చిక్కొకటి ఉన్నది. మహమ్మద్ అనే పేరును రోమను లిపిలో పలు విధాలుగా వ్రాస్తారు. పాస్‌పోర్టులో ఒక రీతిగా, బ్యాంకు ఖాతాలో మరొక రీతిగా ఉండుట సాధారణం. అక్రమ ధనాన్ని అరికట్టే చట్టాల ప్రకారం సంస్థలు పేర్లను సరిచూడవలసి ఉన్నది. పేరు పొసగక చెల్లింపు ఆగినప్పుడు కేవలం "తిరస్కరించబడినది" అని చూపితే, నిర్దోషియైన మనిషి దోషివలె కలవరపడతాడు. ఏ కారణాన ఆగినది, ఏ పత్రం చూపవలెను, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి అతని భాషలో చెప్పవలెను. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగినా, అందలి అంకెలు ఎడమ నుండి కుడికే నడుస్తాయి. తెరపై ఈ రెండూ కలిసినచోట సొమ్ము తారుమారుగా కనబడకుండ పరీక్షించవలెను.

మూడవది, చేరినదా లేదా అన్నది. మీట నొక్కిన క్షణంలో సంకేతం తెగిపోతే, పంపేవాడు భయంతో మరల నొక్కుతాడు. ప్రతి ఆదేశానికి ఒకే సంఖ్య కేటాయిస్తే, రెండవసారి నొక్కినను యంత్రం దానిని పాత ఆదేశంగానే గుర్తిస్తుంది. సొమ్ము రెండుసార్లు పోదు. ఖాతాలో తగ్గినది, మార్గంలో ఉన్నది, చేరినది, తిరిగివచ్చినది అనే దశలను విడివిడిగా చూపవలెను. స్మార్టుఫోను వాడని తల్లికి ఆమె చదువగల భాషలో ఒక సంక్షిప్త సందేశం చాలును.

విద్యార్థులు తమ సమాధానంలో ముందుగా ఆ సౌకర్యం ఎవరి కొరకో ఒక పేరాలో వ్రాయవలెను. పిదప ఎంచుకొన్న దేశాలను, ఊహించుకొన్న అంకెలను, సమయం చాలక విడిచిన అంశాలను స్పష్టంగా పేర్కొనవలెను. తెరల చిత్రాలు ఆ తరువాత. వీలైతే విదేశం నుండి డబ్బు అందుకొనే ఇద్దరు ముగ్గురిని ప్రశ్నించి, వారి అనుభవాన్ని సమాధానంలో చేర్చవలెను. అట్టివారి కొరకు మన విద్యార్థులు దూరం పోనక్కరలేదు. గల్ఫ్ నుండి వచ్చే సొమ్ముతో ఫీజు కట్టి చదివేవారు మన తరగతులలోనే ఉన్నారు. ఆ సొమ్ము ఆలస్యమైన నెలలో ఇంటిలో ఏమి జరుగుతుందో వారికి తెలుసు. పరీక్షకుని ఎదుట ఆ సంగతిని సంకోచం లేకుండ చెప్పుకొనవచ్చును.