పాత డీవీడీ రైటర్‌లోని లేజర్

సూరత్‌లోని కతర్‌గామ్‌లో ఉండే మన సిబ్బంది పిల్లలకు లేజర్ కొత్త మాట కాదు. అక్కడి వజ్రాల కార్ఖానాల్లో ముడి వజ్రాన్ని కోసేది దానితోనే. ఇంట్లో మూలపడ్డ డీవీడీ రైటర్‌లోనూ చిన్న లేజర్ ఉందని తెలిస్తే స్క్రూడ్రైవర్ పట్టుకోకుండా ఉంటారా? పట్టుకోనివ్వండి, కాకపోతే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

కటకం బిగించిన లోహపు దిమ్మెలో డీవీడీ కోసం 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్, సీడీ కోసం 780 నానోమీటర్ల పరారుణ డయోడ్ ఉంటాయి. అసలు భయం రెండోదానితోనే. కళ్లు మిరుమిట్లు గొలిపితే రెప్ప దానంతటదే పడుతుంది. కనిపించని వెలుగుకు పడదు. రెటీనా కాలినా నొప్పి తెలియదు. ఎర్రదీ తక్కువదేం కాదు, రైటర్ డయోడ్ శక్తి 100 మిల్లీవాట్లు దాటవచ్చు. చలువ కళ్లద్దాలు దీనికి పనికిరావు. ఆ తరంగదైర్ఘ్యాలకు తయారుచేసిన రక్షణ అద్దాలు దొరికేదాకా డయోడ్‌కు కరెంటు ఇవ్వవద్దు.

ఒంట్లోని స్థిరవిద్యుత్ చాలు, డయోడ్ చచ్చిపోవడానికి. అందుకే బయటికి తీసేముందే దాని కాళ్లను సన్నని రాగితీగతో కలిపి చుట్టాలి. పరీక్షకు బ్యాటరీని నేరుగా తగిలించకూడదు. ఎల్‌ఎం317 చిప్‌ను స్థిరమైన కరెంటు ఇచ్చేలా అమర్చుకోవాలి. 1.25ను నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది: 47 ఓమ్‌లకు సుమారు 27 మిల్లీఆంపియర్లు. అప్పుడు ఎర్ర డయోడ్ మామూలు ఎల్‌ఈడీలా మసగ్గా వెలుగుతుంది. నిరోధం కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే ఒకచోట వెలుగు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అది బతికున్న లేజర్. ఎంత పెంచినా మసగ్గానే ఉంటే పాడైనట్టే, ఇంకా పెంచడం దండగ.

నిరోధం మార్చే ప్రతిసారీ ముందు స్విచ్ కట్టేయాలి. కిరణాన్ని అద్దం, స్టీలు గిన్నెల వైపు కాక నునుపు లేని గోడ మీదికి తిప్పాలి.