ఆర్కిడ్ వేర్లు కుండీ దాటితే: చేయవలసినవి, చేయకూడనివి

కడియం నర్సరీ నుంచో, విజయవాడ పూల మొక్కల దుకాణం నుంచో తెచ్చుకున్న ఆర్కిడ్ రెండు మూడు నెలలు పూలతో కళకళలాడుతుంది. పూలు రాలాక ఆకుల మొదళ్ల నుంచి బూడిద రంగు వేర్లు పుట్టి, కుండీ అంచు దాటి, కిటికీ ఊచల దాకా పాకుతాయి. మొక్కకు ఏదో అయిందనుకుని చాలామంది కత్తెర తీస్తారు, లేదంటే వేర్లన్నీ మట్టిలో కుక్కేస్తారు. ఈ రెండు పనుల వల్లా ఆర్కిడ్లు పాడవుతాయి. బయటికొచ్చిన వేరు జబ్బు కాదు. జబ్బేదైనా ఉంటే అది కుండీ లోపల, మట్టికి బదులు నింపిన పీచు కుళ్లిన చోట ఉంటుంది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఫెలనాప్సిస్ అడవిలో చెట్టు కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. చెట్టు రసం పీల్చదు. వాన నీటినీ గాలిలోని తేమనూ వేర్లతో అందుకుంటుంది. ఆ వేరు మీద స్పాంజి లాంటి తెల్లని పొర ఉంటుంది. ఎండినప్పుడు వెండిలా మెరుస్తుంది, తడిస్తే లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఆ పచ్చదనంతో వేరు కూడా ఆకులాగే ఆహారం తయారుచేస్తుంది. ఇలాంటి మొక్క మన నేలకు కొత్త కాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గురించి అచ్చువేయించిన గ్రంథంలో, ఇప్పుడు వాండా టెస్సెలాటా అని పిలిచే ఆర్కిడ్‌ను వర్ణించాడు. అది కూడా గాల్లో వేలాడే వేర్లతోనే బతుకుతుంది.

కుండీ ఎప్పుడు మార్చాలి?

పీచు మెత్తబడి వాసన వస్తుంటే, వేసిన నీళ్లు రోజుల తరబడి ఆరకపోతే, మొక్క కుండీలో ఊగుతుంటే, పాత పీచుకు రెండేళ్లు దాటితే మార్చాలి. పూలున్నప్పుడు ముట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన వడగాడ్పులకు మామూలు మొక్కలే వాడిపోతాయి, వేరు కదిలిన ఆర్కిడ్ అసలు తట్టుకోలేదు. తొలకరి పడి ఎండ తగ్గాక, కొత్త వేరు కొస పచ్చగా కనిపించినప్పుడు మార్చడం మంచిది. వేర్లు కుళ్లుతున్నాయని తెలిస్తే మాత్రం ఏ కాలమైనా ఆగవద్దు.

చేయవలసినవి

• ముందు కుండీని అరగంట నీళ్లలో ఉంచండి. పెళుసుగా ఉన్న వేర్లు మెత్తబడి వంగుతాయి, విరగవు.

• కుండీ గోడకు వేరు అంటుకుపోతే లాగకండి. ప్లాస్టిక్ కుండీ అయితే కోసి తీయండి. మట్టి కుండీ అయితే పాత గుడ్డలో చుట్టి మెల్లగా పగలగొట్టండి. పెంకు ముక్క కంట్లో పడకుండా కళ్లద్దాలు పెట్టుకోండి.

• పాత పీచంతా తీసేయండి. వేర్ల నడుమ నర్సరీవాళ్లు ఉంచిన నాచు ముద్ద, చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంటాయేమో చూడండి. కుళ్లు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

• ప్రతి వేరునూ వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే, రంగు ఏదైనా, ఉంచండి. మెత్తగా జారిపోయేదాన్నీ, డొల్లయి దారంలా మిగిలినదాన్నీ మాత్రమే కోయండి.

• కత్తెరను మంట మీద కాల్చి, చల్లారాక వాడండి. మొక్క మారినప్పుడల్లా మళ్లీ కాల్చండి. సింబీడియం మొజాయిక్ వంటి వైరస్‌లు కత్తెరకు అంటిన రసంతోనే ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతాయి. ఆ వైరస్ సోకితే మందు లేదు.

• కొబ్బరి డొక్క ముక్కలు, కట్టెబొగ్గు, కాల్చిన ఎర్ర ఇటుక ముక్కలు కలిపి వాడండి. కొబ్బరి ముక్కలను ఒకటి రెండు రోజులు నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. అందులో ఉండే ఉప్పు పోతుంది.

• వేర్లు పట్టేంత కుండీ చాలు, పాతదానికన్నా ఒక అంగుళం పెద్దదైతే సరిపోతుంది. అడుగునా పక్కలా రంధ్రాలుండాలి. మొక్క ఊగకుండా పుల్లకు కట్టండి.

• గాల్లో పెరిగిన పాత వేర్లను గాల్లోనే వదిలి, ఉదయం పూట నీళ్లు చిలకరించండి. కొత్తగా పుట్టి కిందికి దిగుతున్న వేరు తనంతట తానే కుండీలోకి వెళితే వెళ్లనివ్వండి.

చేయకూడనివి

• నల్లరేగడి, ఎర్రమట్టి, పశువుల ఎరువు వేయవద్దు. గాలి ఆడక వేర్లు కుళ్లుతాయి.

• థర్మల్ కేంద్రం బూడిదను, బూడిద ఇటుకల ముక్కలను, రాతి బొగ్గును కుండీలో వేయవద్దు. థర్మల్ కేంద్రం ఉన్న ఊళ్లలో ఇవి తేలిగ్గా దొరుకుతాయి. సన్నని బూడిద రంధ్రాలను మూసేస్తుంది. ఆ ఇటుకల్లోని సిమెంటు, సున్నం క్షారాన్ని పెంచుతాయి. కట్టెబొగ్గు, ఎర్ర ఇటుక మాత్రమే వాడాలి.

• ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు పోయవద్దు. వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఉప్పు బోరు నీళ్లు కూడా వద్దు. వాన నీళ్లు పట్టి, మూత పెట్టి ఉంచుకుంటే అంతకన్నా మేలైనది లేదు.

• మొవ్వులో నీళ్లు నిలవనీయవద్దు. పొరపాటున పడితే దూదితో అద్ది తీయండి. మొవ్వు కుళ్లితే ఫెలనాప్సిస్ బతకడం కష్టం.

• దాల్చినచెక్క పొడిని వేర్లన్నిటికీ పూయవద్దు. అది తేమను లాగేసి మంచి వేర్లను ఎండబెడుతుంది. కోసిన చోట మాత్రం చిటికెడు అద్దవచ్చు.

• నట్టింటి ఏసీ గాలికీ, మధ్యాహ్నపు ఎండకూ ఎదురుగా పెట్టవద్దు. తూర్పు కిటికీ దగ్గర తెర చాటు వెలుతురు సరిపోతుంది.

• కొండపల్లి అడవి చెట్ల మీద ఆర్కిడ్ కనిపిస్తే పెకలించి తేవద్దు. రిజర్వు అడవిలో మొక్క పీకడం నేరం. ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారం మీదా నియంత్రణ ఉంది. నర్సరీలో పెంచిన మొక్కే కొనండి.

మీ చేతులు, మీ ఇల్లు

మొక్క గురించి ఆలోచిస్తూ మనిషిని మరిచిపోకూడదు. స్ఫాగ్నమ్ నాచులో స్పోరోథ్రిక్స్ అనే బూజు ఉండవచ్చు. గీరుకున్న చర్మం నుంచి లోపలికి వెళితే ముందు చిన్న గడ్డ లేస్తుంది, అది పుండవుతుంది, తర్వాత చేయి పొడవునా వరుసగా గడ్డలు వస్తాయి. అందుకే నాచు ముట్టేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. పొడి నాచునూ బొగ్గునూ తడిపాకే కలపండి. దుమ్ము లేస్తుంటే మాస్కు పెట్టుకోండి. పుండు మానకపోతే డాక్టరుకు మొక్కల పని చేశానని తప్పక చెప్పండి.

స్పిరిట్, శానిటైజర్ దగ్గర పెట్టుకుని మంట వెలిగించవద్దు. పాత కుండీని బ్లీచ్‌తో కడుగుతుంటే మరుగుదొడ్డి యాసిడ్ అందులో కలపవద్దు, విషవాయువు పుడుతుంది. శిలీంధ్రనాశని మందు కలిపిన గిన్నెనూ చెంచానూ మళ్లీ వంటింట్లోకి తేవద్దు. ఈ మందులన్నిటినీ పిల్లలకు అందని చోట ఉంచండి. కొబ్బరి డొక్కల కుప్పలోకి, పాత కుండీల వెనక్కి చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి. వానాకాలంలో తేళ్లు, జెర్రులు, పాములు అక్కడ దాక్కుంటాయి.

కుండీ కింది పళ్లెంలో నీళ్లు ఉంటే వెంటనే పారబోయండి. డెంగీ దోమకు ఆ కాస్త నీరు చాలు. వేలాడదీసిన కుండీ తీగ తుప్పు పట్టిందేమో తరచూ చూడండి, తుపాను హెచ్చరిక వస్తే దింపి లోపల పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తినట్టు వరద నీరు ఇంట్లోకి వస్తే, తడిసిన పీచును దాచుకోవద్దు, పారేయండి. మురుగు, ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటి వల్ల మనుషులకు జబ్బులు వస్తాయి. చేతి తొడుగులతో తీసి, వేర్లను మంచి నీళ్లతో బాగా కడిగి కొత్త పీచులో పెట్టండి.

మార్చిన తర్వాత నెల రోజులు

రెండు మూడు రోజులు నీళ్లు ఆపి, నీడలో ఉంచి, కోసిన చోటు ఆరనివ్వండి. ఆ తర్వాత వేర్లు వెండి రంగుకు తిరిగినప్పుడే నీళ్లు పోయండి. ఎండాకాలంలో అది వారంలో చాలాసార్లు కావచ్చు, ముసురు పట్టినప్పుడు ఒక్కసారే చాలు. క్యాలెండరు చూసి పోయడం కన్నా వేరు చూసి పోయడం మంచిది. కొత్త వేరు కనిపించేదాకా ఎరువు వద్దు. ఆ తర్వాత కూడా పాకెట్ మీద చెప్పిన మోతాదులో నాలుగోవంతే, తడిసిన వేర్ల మీదే వేయండి. ఆకుల మీద పేరుకున్న దుమ్మును తడిగుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో తుడిస్తే ఆకు గీరుకుపోతుంది.

ఒకటి రెండు కింది ఆకులు పసుపెక్కితే కంగారు పడి మళ్లీ తవ్వి చూడవద్దు. డిసెంబరు, జనవరి చల్లని రాత్రుల్లో మొక్క కొత్త కాడ వేసేటప్పుడు అది వేరులా కనబడుతుంది. కొస బొటనవేలు మాత్రమే విడిగా ఉన్న చేతి తొడుగులా చదునుగా ఉంటే పూకాడ, గుండ్రంగా నునుపుగా ఉంటే వేరు. తేడా తెలియకపోతే రెండూ వదిలేయండి. ఎందుకంటే కోయకుండా ఉంచిన వేరు వల్ల మొక్కకు నష్టం లేదు, పొరపాటున కోసిన పూకాడకు ఏడాది ఆగాలి.